పసుపు పెట్టిన చెవి

ఇవాళ పొద్దున పశువుల ఆసుపత్రి వాళ్లు వచ్చి మా కోడలి ఆవు చెవికి ప్లాస్టిక్ బిళ్ళ వేసి, ఫోనులో ఫోటో తీసుకుని వెళ్లారు. ఆ టక్కుమన్న చప్పుడు వినగానే నా చేయి దానంతట అదే పసుపు డబ్బా కోసం వెతుక్కుంది.

లేపాక్షి పక్కన మా పల్లెకు సర్కారు ఆవులు వచ్చిన ఏడాది నాకు తొమ్మిదేళ్లు. మాకొచ్చిన ఆవు మా అవ్వ పేరు మీద మంజూరైంది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఎర్రావు, దాని వెంట పాలు తాగే పెయ్య. చెవికి ఇత్తడి బిళ్ళ కుట్టిన రోజున అవ్వ ఆ గాయానికి నూనెలో కలిపిన పసుపు అద్ది, నాకు చెవులు కుట్టించినప్పటిలాగే ఇంటింటికీ బొరుగులూ బెల్లమూ పంచింది. ఆమెకు ఆడపిల్లలు లేరు మరి.

పాలకేంద్రంలో పోసే పాల మీదే మా ఇల్లూ, నా బడీ నడిచేవి. సాయంత్రం బడి నుంచి వచ్చి ఆవు మెడకు ఆనుకుని కూర్చుంటే, అది నెమరువేసే ఊపుకు కళ్లు మూతలు పడేవి, చెంపకు ఆ బిళ్ళ చల్లగా తగిలేది, మేతకేసిన ఎండు చెనిక్కాయ కట్టె వాసనలో నేను ఏ లోకాలకో పోయివచ్చేదాన్ని.

ఒక వానకాలం తడి చెనిక్కాయ చెట్లు మేసి ఆవుకు కడుపు ఉబ్బింది. పశువుల ఆసుపత్రి కాంపౌండరు వచ్చేసరికే ప్రాణం పోయింది. ఇన్సూరెన్సు ఉంది కాబట్టి, బిళ్ళతో సహా చెవి కోసి హిందూపురంలో అప్పజెప్పితే ఇంకో ఆవు వస్తుందన్నాడు. నాయన కొడవలి తెచ్చాడు. అవ్వ ఆవు తలను ఒళ్లో పెట్టుకుని కదల్లేదు.

"ఇంగో ఆవు వస్తాదంటమ్మా, లెయ్," అన్నాడు నాయన.

"పసుపు పెట్టిన చెవిరా ఇది. ఈ పాప చెవైతే కోస్తువా?"

"చెవి చూపకుంటే సర్కారు యట్ల నమ్ముతాదవ్వా?" అన్నాడు కాంపౌండరు.

"నమ్మకుంటే వచ్చి తవ్వుకోమను పోబ్బా!"

నాయన చాలాసేపు నా వైపు చూశాడు. తరువాత కొడవలి చూరులో చెక్కి, పార తీసుకుని చేను గట్టు దగ్గర గుంత తవ్వాడు.

రెండో ఆవు రాలేదు. ఆ ఏటితో నా బడి ఆగిపోయింది. పలక అటక మీదికెక్కింది, నేను పెయ్యకు రాగిగంజి పట్టి, దాన్ని మేపుకుంటూ పెద్దదాన్నయ్యాను. మా కోడలి ఆవు ఆ పెయ్య సంతతిదే. ఈ కాలంలో ఆవు పోయినా ఫోటో తీసి పంపితే చాలునట, ఎవరూ కొడవలి పట్టుకోనక్కరలేదట. మంచిదే. చెవి కుట్టినందుకు బెల్లం పంచేవాళ్లు మాత్రం లేరు.

ఆవును పూడ్చిన ఆ చేను గట్టు మీద ఇప్పుడు తారురోడ్డు పడింది. హిందూపురం బస్సు కిటికీ పక్కన కూర్చుని అటుగా పోతుంటే కళ్లు మూతలు పడతాయి, చెంపకు చల్లగా ఏదో తగులుతుంది. ఆ మట్టి కింద బిళ్ళ ఇంకా ఆ చెవి ఉన్నచోటే ఉంటుంది.