మంచుబండికి పంచర్

కుక్కుటేశ్వరరావుగారు ఏడుపు సీను చూడలేరు. చూడలేనివాళ్లు కళ్లు మూసుకుంటారు, కాదంటే లేచి వెళ్లిపోతారు. ఈయన అలా కాదు. తను చూడరు, ఇంకొకర్ని చూడనివ్వరు.

కడియంలో ఆయనది కిరాణా కొట్టు. వెనకాలే ఇల్లు. సీరియల్ చూస్తూ భార్య అన్నపూర్ణమ్మ కొంగు కళ్ల దాకా తెచ్చిందంటే చాలు, బేరం వదిలేసి పరుగున వచ్చి మిక్సీ వేసేస్తారు. అందులో పప్పూ ఉండదు, పచ్చడీ ఉండదు. ఉత్త మోత. "ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఆ ఇంట్లో ఎవరు పోయారో ఎవరున్నారో నాకిప్పటికీ తెలీదమ్మా" అంటుందావిడ.

కోరుకొండ తీర్థంలో నాటకం వేస్తే, రాజుగారు అడవులకి బయల్దేరుతుండగా ఈయన స్టేజీ ఎక్కేశారు. "ఖాళీ కడుపుతో ఏం వెళ్తారు బాబూ" అంటూ పులిహోర పొట్లం చేతిలో పెట్టారు. రాజుగారు అక్కడే కూర్చుని తినేశారు. తిన్నాక నిద్రొచ్చి పడుకున్నారు. ఆ ఏడు అడవులకి వెళ్లనే లేదు.

ఇలాంటి మనిషి ఏటా క్రిస్మస్ ముందురోజు సాయంత్రం జంతికల డబ్బా పట్టుకుని చర్చి వరండాలో హాజరు. అక్కడ పిల్లలకి టీవీలో బొమ్మల సినిమా వేస్తారు. ఒక జింకపిల్ల. దాని నాన్న బహుమతుల బండి లాక్కుంటూ మంచులోకి బయల్దేరతాడు. ఆ తర్వాత ఏమవుతుందో కడియంలో ఒక్క పిల్లకీ తెలీదు. ఎందుకంటే సరిగ్గా అక్కడే ఒక ఏడు ఫ్యూజు పోయింది. ఒక ఏడు కుక్కుటేశ్వరరావుగారి కాలికి కేబుల్ వైరు చుట్టుకుంది. నిరుడైతే ఆయన "పాము!" అని అరిచారు. నర్సరీల ఊరాయె, ఏ కుండీ వెనక ఏముందోనని జనం చర్చి గేటు దాటి పరిగెత్తారు. తిరిగొచ్చి కూర్చునేసరికి జింకా, పిల్లా కేకు తింటున్నాయి.

"మధ్యలో ఏమైంది తాతగారూ?"

"ఏముందమ్మా, బండికి పంచర్. ధాబాలో టీ తాగి వచ్చేశాడు."

సంఘ పెద్ద విజయ్ పాల్ గారికి ఒళ్లు మండిపోయింది. టీవీ ఆయనది, కరెంటు ఆయనది, పిల్లల చేత మాటపడేదీ ఆయనే. "ఈసారి సినిమా మొత్తం చూపించకపోతే నేను సంఘ పెద్దనే కాను" అని ఆదివారం ఆరాధనలో అందరి ముందూ అనేశారు. అనేశాక నిద్ర పట్టలేదు.

స్విచ్‌బోర్డుకి చెక్కపెట్టె బిగించారు. రిమోట్ కూడా అందులోనే పడేసి తాళం వేశారు. తాళంచెవి భార్య రత్నమాణిక్యం చేతికిచ్చి ఇంటికి పంపేశారు. "పాము అని ఎవరు అరిచినా కదిలారంటే ఊరుకోను" అని జనాన్ని హెచ్చరించారు. కుక్కుటేశ్వరరావుగారిని లాక్కొచ్చి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యి పట్టుకున్నారు.

సినిమా మొదలైంది. కుక్కుటేశ్వరరావుగారు కుర్చీలో ఒకటే మెదలడం. "ఏవండీ, ఆ తాళం ఇచ్చెయ్యండి."

"ఇవ్వనండి."

"మంచినీళ్లకి వెళ్లొస్తానండి."

"తెప్పిస్తానండి."

తెరమీద జింక బండి మెడకి తగిలించుకుంది. కుక్కుటేశ్వరరావుగారు ఆయన చెవిలోకి వంగారు. "ఒకసారి మా ఇంట్లో ఒక్కణ్నీ కూర్చుని మొత్తం చూశానండి. మూడు పూటలు అన్నం సయించలేదు. ఆ పొగమంచులో బండి లోయలో పడిపోతుందండి. చివరికి వస్తాడనుకోండి, కానీ అందాకా ఆ పిల్ల రోడ్డు మీద నిలబడి ఎదురు చూస్తుందండి. ముందు వరస చూడండి, ఎవరి పిల్లలో."

విజయ్ పాల్ చూశారు. అందరూ లారీ డ్రైవర్ల పిల్లలే. మొక్కల లోడులేసుకుని నాన్నలు ఉత్తరాదికి వెళ్లి ఉన్నారు. అక్కడ ఇప్పుడు మంచే. చివర్న యెహెజ్కేలు కూతురు హారతి వాళ్లమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాన్న ఫోను నిన్నటి నుంచీ కలవడంలేదు.

విజయ్ పాల్ గారి చెయ్యి జేబులోకి పోయింది. తాళంచెవి లేదు. పెట్టె పట్టుకు లాగారు. ఎవడు బిగించాడోగానీ గట్టిగా బిగించాడు. తెరమీద మంచు కమ్ముకొస్తోంది. ఇంక తోచక, "పాము!" అని కేక పెట్టారు.

ఒక్కరూ కదల్లేదు. సంఘ పెద్ద మాటంటే అంత గౌరవం.

కదిలింది కుక్కుటేశ్వరరావుగారొక్కరే. ఆయనకి పామంటే నిజంగానే చచ్చేంత భయం. "ఎక్కడండీ? ఎక్కడ?" అంటూ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కారు. కుర్చీ కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకి పోయాయి. ఆయన వెళ్లి క్రిస్మస్ చెట్టు మీద పడ్డారు. నక్షత్రంతో, బెలూన్లతో, దూదితో సహా ఆ చెట్టు వెళ్లి టీవీని కౌగిలించుకుంది.

చెట్టునీ ఆయన్నీ విడివిడిగా లేపేసరికి జింకా, పిల్లా కేకు తింటున్నాయి.

"మధ్యలో ఏమైందండీ?" అంది హారతి.

విజయ్ పాల్ గారు గొంతు సవరించుకున్నారు. "పంచరమ్మా."

"అది మంచు మీద జారే బండి కదండీ, టైర్లే లేవు."

"అందుకేనమ్మా అంత ఆలస్యం!" అన్నారు దూదిలోంచి కుక్కుటేశ్వరరావుగారు. "లేని టైరుకి పంచరేసేవాడు దొరకొద్దూ?"

పిల్లలు పగలబడి నవ్వుతుండగానే హారతి ఒళ్లో ఫోను మోగింది. "నాన్నా! ఎక్కడున్నావు? ఏంటి... పంచరా? టీ తాగుతున్నావా?"

వరండా అంతా ఒక్కసారి కుక్కుటేశ్వరరావుగారి వైపు తిరిగింది.

"మీకెలా తెలుసండీ?" అన్నారు విజయ్ పాల్ మెల్లిగా.

"నాకేం తెలుసండీ? పంచరైతే మనిషి ఇంటికొచ్చేస్తాడు కదండీ. అందుకని ఎప్పుడూ పంచరే చెబుతాను." ఇంకో కుర్చీ ఎక్కి, కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నారు. "అది సరే గానీ విజయ్ పాల్ గారూ, పాము దొరికిందా?"