సోలెడు తవుడుకి అమ్మిన చెల్లి

టాటానగర్ పక్క మాంగో బస్తీలో గేదెల దాణా అమ్మే కొట్టు ముందు నుంచి వెళ్తుంటే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. తియ్యగా, కొంచెం మక్కినట్టుండే ఆ తవుడు వాసన తగలగానే టాటానగర్ రైల్వే క్వార్టర్లో మా ఇల్లు, ఆ చలికాలం, చేటలో పడుకున్న మా చెల్లి గుర్తుకొస్తాయి.

చెల్లి నెలలు నిండకుండా పుట్టింది. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో చాలా రోజులుంచి, ఇక ఇంట్లో చూసుకోండని పంపేశారు. చలి తగలనివ్వొద్దు, తల్లి తప్ప ఎవరూ ముట్టుకోవద్దు అని నర్సమ్మ హిందీలో గట్టిగా చెప్పింది. అమ్మ కిటికీ సందుల్లో నాన్న పాత ఖాకీ గుడ్డలు కుక్కి, వేడినీళ్ల సీసాలకి గుడ్డ చుట్టి చెల్లికి అటూ ఇటూ పెట్టి, దూది వత్తితో నోట్లో పాలు పిండుతూ, ఆ చుక్క మింగిందా లేదా అని గొంతు వైపే చూస్తూ కూర్చునేది. లోకో షెడ్డు మసి ఆరేసిన బట్టల మీదా, తినే అన్నం మీదా పడేది, చెల్లి మీద మాత్రం పడనిచ్చేది కాదు. సీసా చల్లారిందేమో చెంపకి ఆనించి చూడ్డం నా పని.

అప్పుడు పలాస నుంచి నాన్నమ్మ తవుడు మూటతో దిగింది. నా తర్వాత అమ్మకి ఇద్దరు పుట్టి పోయారు. అలాంటి ఇంట్లో బిడ్డని పైవాళ్లకి తవుడుకి అమ్మేస్తే, ఈ ఇంటి బిడ్డ కాదనుకుని చావు వదిలేస్తుందని మావాళ్ల నమ్మకం. కొన్నవాళ్లు పెంచమని మళ్లీ తల్లికే ఇస్తారు.

"ఎవులూ ముట్టకూడదన్నారు కదత్తా!" అంది అమ్మ.

"ఆ ఇద్దర్నీ ఎవులు ముట్టేరని పోయేరే?" అంది నాన్నమ్మ.

అమ్మ చెల్లిని గుడ్డలతో సహా చేటలో పడుకోబెట్టింది.

పక్క క్వార్టర్ సింహాచలం పిన్ని కొంది. ఆవిడకి పిల్లల్లేరు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కొచ్చి, గుమ్మంలో చేట అంచు మాత్రం పట్టుకుని, "ఓలమ్మా, ఈ పిల్లికూనకి సోలెడు తవుడా! సగం సాల్దేటి?" అని బేరమాడింది. తవుడు కూడా నాన్నమ్మ తెచ్చిందే. అమ్మ ఎన్నాళ్లకో నవ్వింది.

"ఇది నా గుంట. పెంచమని నీకిత్తన్నాను, జాగర్త," అంది పిన్ని.

చలి ముదిరింది. ఒకరోజు పొద్దున్న చూస్తే సీసా ఇంకా వెచ్చగానే ఉంది. చెల్లి చల్లగా ఉంది.

అమ్మ కేకకి గుమ్మం నిండా ఆడవాళ్లు చేరారు. "మూడోదీ పోయింది, దాని కడుపే అంత" అని ఎవరో అన్నారు. సింహాచలం పిన్ని వాళ్లని తోసుకుని లోపలికొచ్చి, అంతవరకూ ముట్టని చెల్లిని అమ్మ ఒళ్లోంచి తీసుకుంది.

"ఎవుల గుంటనుకుంతన్నారు? నాను కొనుక్కున్నాను. పోయింది నా గుంట. ఈ యమ్మకేటీ పోనేదు."

తన వరండాలో కూర్చుని గుండెలు బాదుకుని ఏడ్చింది. చెల్లిని ఆ గుమ్మంలోంచే తీసుకెళ్లారు. "నోరు ముయ్యి, అది నీది కాదు" అని నాన్నమ్మ అంటుంటే, అమ్మ గోడకి ఇవతల కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

ఆ క్వార్టర్లు కూలగొట్టేశారు. బొగ్గు ఇంజన్లు పోయాయి, మసి పోయింది, తవుడుకి బిడ్డని కొనేవాళ్లూ పోయారు. పిల్లలెంతమందని ఎవరడిగినా అమ్మ నన్ను చూపించి ఊరుకునేది. పిన్ని మాత్రం చనిపోయేదాకా, "ఒక గుంట ఉండీది, సలికి పోయింది" అనేది. ఆ మాట వినబడగానే అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయేది.