ఎవరూ లేరని చెప్పు

పాపకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది. ఆసుపత్రి కాగితం మీద తప్ప అది ఎక్కడా పనికిరాలేదు. ఇంట్లో పిలుపు మేకు. ఒకచోట దిగబడితే పీకడం ఎవరి తరమూ కాదు కాబట్టి తల్లే ఆ పేరు పెట్టింది. వయసు మూడేళ్ళు. పిట్ట కొంచెం, కూత ఘనం.

తల్లిది తాళాల పని. పోయిన తాళంచెవులకు మారు చెవులు కోస్తుంది, బిగుసుకుపోయిన తాళాలు విప్పి బాగుచేస్తుంది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, వెనక బాల్కనీలో చెవులు కోసే మిషన్. గిరాకీలు మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే సామాను ఇచ్చి పోతారు. తలుపు సగం తెరిచి "రేపు రండి" అంటుంది, మళ్ళీ వేసేస్తుంది. వీధిలో అందరూ ఆమెను తాళాలమ్మ అంటారు.

పసిపిల్లలూ దేవుడూ ఒకటే అన్నవాడెవడో, వాడి పిల్లల్ని ఇంకెవరో పెంచి ఉంటారు. తాళాలమ్మ ఇంట్లో ఆ దేవుడు లేచేది కోడి కంటే ముందు. లేచిన దగ్గర్నుంచి గిరాకీల తాళంచెవులు బియ్యం డబ్బాలో ఒకటి, చెప్పులో ఒకటి, మంచినీళ్ళ బిందెలో ఒకటి. ఎవరిదో బీరువా చెవి కోసం పొద్దంతా ఇల్లు తిరగేస్తే, అది మేకు బుగ్గలోంచి బయటపడింది. "అన్నం తిను" అంటే నోరు తెరవని పిల్ల ఇనుము మాత్రం ఇష్టంగా చప్పరించేది.

ఒకరోజు తాళాలమ్మ కింద కూర్చుని ఆకురాయితో చెవి అరగదీస్తుంటే, మేకు వెనక నుంచి వచ్చి ఆమె జడకు తాళం కప్ప తగిలించి టక్కున నొక్కింది. దాని చెవి తీసుకెళ్ళి తూములో వేసింది. ఊరందరి తాళాలూ తీసే మనిషి తన జడకు పడ్డ తాళాన్ని ముందొక అద్దం, వెనకొక అద్దం పెట్టుకుని పిన్నీసుతో తీసుకోవాల్సి వచ్చింది. తీసుకున్నాక పగలబడి నవ్వింది. ఈ ముచ్చట చెప్పుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి లేడని నవ్వు సగంలో ఉండగా గుర్తొచ్చింది.

ఆ ఇంకో మనిషి, మేకు నాన్న, ఏడాది కిందట వెళ్ళిపోయాడు. గొడవ లేదు, కేకలు లేవు. గుత్తిలోంచి ఇంటి తాళంచెవి ఒక్కటే విడదీసి, బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరికి వేసి పోయాడు. ఇంకొకరైతే మరిచిపోయాడేమోనని నాలుగు రోజులు ఆశపడేవారు. ఈ పని చేసే మనిషికి ఆ ఆశ కూడా మిగల్లేదు. చెవి మరిచినవాళ్ళు జేబులు తడుముకుంటూ తిరిగొస్తారు, విడదీసి పెట్టినవాళ్ళు రారు.

తర్వాత నెలంతా పరామర్శలు. ఓదార్పు పేరుతో కూపీలు. "ఏమైనా కబురు తెలిసిందా?" అని అడిగేటప్పుడు వాళ్ళ కళ్ళు ఆమె భుజం మీదుగా ఇంట్లోకి పోయేవి. పుండు మీద కారం చల్లినట్టుండేది. ఎదురింట్లో ఉండే పెద్దావిడ బస్సు కండక్టరుగా చేసి రిటైరయింది. ఆవిడ పాపం కూపీలు లాగలేదు, "పాపను కాసేపు నా దగ్గర వదలకూడదా అమ్మాయ్?" అని మాత్రం అడిగింది. అప్పటికే విసిగి ఉన్న తాళాలమ్మ "మీ పని మీరు చూసుకోండి" అని మొహం మీదే తలుపు వేసింది. తప్పని ఆమెకు ఆ రాత్రే తెలుసు. తెలిసినంత మాత్రాన నోరు పెగలొద్దూ?

ఆ వారమే తలుపు అడుగున ఒక గడియ బిగించింది. దొంగలు పైన వెతుకుతారు గానీ కింద వెతకరు. బయట చెవి పెట్టే రంధ్రం లేదు. తలుపు కింద వేలెడు సందున్నా తీగ పెట్టి లాగడానికి అందకుండా ఇనుప రేకు తొడిగింది. దొంగ కాదు కదా, తాను కూడా బయట నుంచి తీయలేనని చూసుకుని మురిసింది. ఇక ఎవరు తలుపు తట్టినా తలుపుకున్న చూపు కన్నంలోంచి చూసేది. గిరాకీ కాకపోతే మేకు చెవిలో "ఎవరూ లేరని చెప్పు" అనేది.

మొదట్లో మేకు "అమ్మ ఎవరూ లేరని చెప్పమంది" అని ఉన్నదున్నట్టు అప్పగించేది. పోనుపోను నోరు తిరిగింది. చెప్పకుండానే పరుగున వెళ్ళి, తలుపుకు నోరానించి, "ఎవరూ లేరు, రేపు రండి" అని రెండు పాఠాలూ కలిపి ఒప్పజెప్పేది. మెట్ల మీద అడుగులు వెనక్కి తిరిగేవి. కొన్నాళ్ళకు ఆ అడుగులు కూడా రావడం మానేశాయి. తాళాలమ్మ కోరుకున్నది అదే. కోరుకున్నది దొరికాక ఇల్లు ఇంత పెద్దదెలా అయిందో ఆమెకు అర్థం కాలేదు.

మిషన్ ఆడేటప్పుడు ఇనుప రజను ఎగురుతుంది. పిల్ల కళ్ళలో పడుతుందని మధ్యాహ్నాలు బాల్కనీ తలుపు వేసుకుని పని చేసేది. అంతసేపూ మేకును ఒకచోట ఉంచాలి కదా. బజారు బొమ్మలు గంటకు మించి బతకవు. అందుకని ఒక చెక్క పలక మీద పాత గడియలూ గొళ్ళేలూ బిగించి, ముందు గదిలో వీధి తలుపు పక్కన గోడకు ఆనించింది. మేకు దాని ముందు కూర్చుంటే కదిలేది కాదు. వేస్తూ తీస్తూ, వేస్తూ తీస్తూ, తల్లికి తెలియకుండానే తల్లి విద్యలో దిట్ట అయింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో కొన్ని వింతలు మొదలయ్యాయి. మేకు కుర్చీ తోసుకుంటూ "రైట్ రైట్" అనేది. అన్నం ముద్ద పెట్టబోతే "ముందుకు జరగండి" అనేది. ఈ మాటలు తాళాలమ్మవి కావు, గిరాకీలవీ కావు. ఊడుస్తుంటే మూలల్లో పాత బస్సు టికెట్లు కనిపించేవి. గిరాకీల జేబుల్లోంచి రాలాయేమో అనుకుని చెత్తలో వేసేది. మేకు వాటిని మళ్ళీ ఏరుకొచ్చేది.

ఆ మధ్యాహ్నం పొయ్యి మీద సన్నసెగన పాలు ఉన్నాయి. కింద నుంచి ఒక గిరాకీ స్కూటర్ దిగకుండానే కేకేశాడు. బాగైన తాళం అతనికి అందించడానికి తాళాలమ్మ తలుపు దగ్గరికి వేసి, మూడంతస్తుల మెట్లూ గబగబా దిగి, ఇచ్చి, తిరిగొచ్చింది. ఆమె చేయి తలుపు మీద పడేసరికి అవతల కింద నుంచి టక్కుమంది. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది.

"మేకూ, తలుపు తియ్యమ్మా."

"ఎవరూ లేరు."

"నేనే, అమ్మని."

"అమ్మ లేదు. రేపు రండి."

పనిముట్లు లోపల. ఫోను లోపల. పాలు పొంగి మంట ఆరితే గ్యాసు ఇల్లంతా నిండుతుంది. ఆరకపోతే మేకుకు స్టూలు లాక్కుని పొయ్యి దాకా ఎక్కడం వచ్చు. బిస్కెట్ ఇస్తానంది. "రేపు" అంది మేకు. గద్దించింది. లోపల కిలకిల నవ్వు. తలుపు బాదింది. నవ్వు ఆగిపోయింది, స్టూలు నేల మీద ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. ఏడాదిగా ఈ తలుపు అవతల నిలబడినవాళ్ళకు ఏం వినిపించిందో తాళాలమ్మకు అప్పుడు తెలిసింది. తన గొంతే, తన మాటే, చిన్న నోట్లోంచి వస్తోంది.

వెనక్కి తిరిగితే మూడడుగుల్లో ఎదురింటి తలుపు. తట్టడానికి చేయెత్తింది గానీ, అవతల నుంచి కూడా ఎవరూ లేరంటారేమోనని భయం వేసింది. అనడానికి ఆ పెద్దావిడకు అన్ని హక్కులూ ఉన్నాయి. ఒక్కసారి తట్టిందో లేదో తలుపు తెరుచుకుంది. కండక్టరమ్మ గుమ్మం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"పాప... లోపల గడియ... పొయ్యి మీద పాలు," అంది తాళాలమ్మ.

కండక్టరమ్మ కుర్చీలోంచి లేచి ఇవతలికి వచ్చింది. తలుపు ముందు చతికిలబడి, కింద సందు దగ్గర నోరు పెట్టి, మెట్లన్నీ మోగేలా గొంతెత్తింది.

"టికెట్ టికెట్ టికెట్."

స్టూలు ఈడ్చే చప్పుడు ఆగింది. చిన్న పాదాలు దబదబా పరుగెత్తుకొచ్చాయి.

"ఎన్ని?" అంది కండక్టరమ్మ.

"ఒక్కటి," అంది మేకు.

"ఎక్కడికి పోవాలి?"

"బాల్కనీ. అమ్మ దగ్గర."

తడుముకోకుండా వచ్చిన జవాబది, రోజూ చెప్పే జవాబు. బాల్కనీ పిల్లకు పది అడుగుల దూరం. టికెట్ కొనుక్కుని పోవాల్సినంత దూరమని తాళాలమ్మకు ఏనాడూ తట్టలేదు.

"హోల్డాన్. బాల్కనీ స్టాపొచ్చింది. ఇవాళ పలక గడియ కాదు తల్లీ, పెద్ద తలుపు గడియ తియ్యాలి. తీసి దిగు."

టక్.

పాలు అప్పటికే పొంగి మంట ఆర్పేశాయి. గ్యాసు వాసన గుప్పుమంది. తాళాలమ్మ పొయ్యి కట్టేసి, కిటికీలు తెరిచి, నడి గదిలో ఉన్న స్టూలును చూసి, పిల్లను గుండెకు హత్తుకుని కింద కూలబడింది. మేకు ఊపిరాడక "ముందుకు జరగండి" అంది.

భయం తగ్గాక మనిషికి కోపం వస్తుంది. ఎవరి మీద రావాలో తెలియనప్పుడు ఎదురుగా ఉన్నవాళ్ళ మీద వస్తుంది. "ఎన్నాళ్ళ నుంచి నడుస్తోంది ఇది?" అంది తాళాలమ్మ.

కండక్టరమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు. "తప్పే అమ్మాయ్. నీ మిషన్ ఆడుతున్నప్పుడైతే నీకు వినపడదని వచ్చేదాన్ని. తలుపు ఎప్పుడూ తీయించలేదు, ఒట్టు. సందులోంచి టికెట్ తోసేదాన్ని, పాప పలక గడియ తీసి బస్సు దిగినట్టు ఆడేది, అంతే. బస్సు నిండా జనంతో బతికినదాన్ని కదా, ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుంటే చెవులు గింగురుమంటున్నాయి. ఇక రానులే."

వద్దనాలి. రండి అనాలి. కనీసం మీరు లేకపోతే ఏమయ్యేదో అనైనా అనాలి. తాళాలమ్మ నోట్లో మాట తుప్పుపట్టి కూర్చుంది. ఎదురింటి తలుపు మెల్లగా మూసుకుంది.

ఆ సాయంత్రం కింద గడియ ఊడదీసి పలక మీద బిగించింది. కొత్త గడియ వచ్చినా మేకు దాన్ని ముట్టుకోలేదు. మరునాటి నుంచి కుర్చీ తోయలేదు, రైట్ రైట్ అనలేదు. ఏ తాళంచెవీ ఎక్కడా పోలేదు, అన్నం పెడితే తింది. ఇల్లు చూడముచ్చటగా, తుడిచినట్టు శుభ్రంగా ఉంది. తాళాలమ్మకు ఏడుపొచ్చింది. ఎదురింటికి వెళ్దామని రోజూ గుమ్మం దాకా పోయేది, వెళ్ళి ఏమనాలో తెలియక గిరాకీ పని గుర్తొచ్చినట్టు వెనక్కొచ్చేది.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం చేతిలో పనేమీ లేదు. అయినా బాల్కనీలోకి వెళ్ళి మిషన్ వేసింది. చెవి లేని మిషన్ ఊరికే గిరగిరా తిరుగుతూ రొద పెట్టింది. దాన్ని అలాగే వదిలేసి, బాల్కనీ తలుపు వేసి, ముందు గదిలోకి వచ్చింది. ఈ వేళప్పుడు పిల్ల ఏం చేస్తోందో ఎన్నడూ చూడలేదు కదా, చూద్దామనుకుంది.

మేకు నేల మీద బోర్లా పడుకుని, తలుపు కింద సందుకు కన్ను ఆనించి ఉంది. చేతిలో నలిగిన పాత టికెట్. తాళాలమ్మ చప్పుడు చేయకుండా పక్కనే కూర్చుంది.

కాసేపటికి ఎదురింటి తలుపు కిర్రుమంది. చెప్పులు లేని అడుగులు వచ్చి గుమ్మం అవతల ఆగాయి. తట్టలేదు, పిలవలేదు. సందులో వెలుగు కొంచెం తగ్గి అలాగే ఉండిపోయింది. తాళాలమ్మకు అర్థమైంది. రానన్న మాట నిలబెట్టుకుంటూనే ఆవిడ రోజూ వస్తోంది. మిషన్ ఆడినంతసేపూ ఇలా నిలబడి పోతోంది.

మేకు లేచి, నోరు తలుపుకు ఆనించి, తనకు వచ్చిన మర్యాద అంతా చేసింది.

"ఎవరూ లేరు."

అవతల నిట్టూర్పు. పాదాలు వెనక్కి తిరిగాయి. ఆ తిరగడం తాళాలమ్మ ఏడాదిగా ఎన్నిసార్లు విందో, ఎన్నిసార్లు వినాలని ఎదురుచూసిందో లెక్కలేదు. ఇవాళ తట్టుకోలేకపోయింది.

"ఉన్నాం," అంది. మిషన్ రొదలో వినపడలేదేమోనని మళ్ళీ అంది. "ఇద్దరం ఉన్నాం పిన్నిగారూ."

అడుగులు ఆగాయి. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ వెనకే బస్సు నిండా వినపడే గొంతు.

"అయితే రెండు టికెట్లు. చిల్లర ఉందా?"