మా కొట్టంలో పుట్టిన దూడ ఎవరిది?

ఆ రోజుల్లో నాకు తెలియని చట్టం లేదు. నిజం చెప్పాలంటే తెలిసింది కూడా ఒక్కటీ లేదు, కానీ చేతిలో కొత్త ఫోనుంది, అందులో తెల్లారేసరికి నిండిపోయే డేటా ఉంది, బాన్సువాడలో డిగ్రీ చివరి పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న నాకు బోలెడంత తీరిక ఉంది. కిరాయికున్నవాళ్ళు గది ఖాళీ చేయకపోయినా, కరెంటు మీటరు మీద పేరు మారాలన్నా, పక్కింటి మునగకొమ్మ మన గోడ దాటి వచ్చినా మా వాడకట్టువాళ్ళు నన్నే అడిగేవాళ్ళు. నేను ఫోనులో రెండు మాటలు కొట్టి, ముందు ఏది కనిపిస్తే అది గంభీరంగా చదివి వినిపించేదాన్ని. (అది ఏ దేశపు చట్టమో చూసుకునే అలవాటు నాకు అప్పటికింకా లేదు.) అంతా ఉచితం కాబట్టి ఎవరూ కోప్పడేవాళ్ళు కాదు. మా అవ్వయితే నన్ను 'వకీలమ్మా' అని పిలిచి మురిసిపోయేది.

ఆ వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే కట్టెల కోసం కొట్టంలోకి వెళ్ళిన అవ్వ అక్కడే నిలబడిపోయింది. తాత పోయాక మా బర్రెలను అమ్మేశాం, కొట్టంలో కట్టెలూ నా స్కూటీ తప్ప ఏమీ ఉండేవి కావు. అలాంటిది స్కూటీని ఓ పక్కకు తోసేసి, తడిసి ముద్దయిన నిండుచూలు బర్రె ఒకటి నిలబడి ఉంది. ఎవరిదో కనుక్కొమ్మని అవ్వ పాలవాడితో ఊరంతా కబురంపింది. సాయంత్రానికల్లా అది ఈనింది. అవ్వే దగ్గరుండి పురుడు పోసింది. నల్లటి దూడ, నుదుట తెల్లటి మచ్చ. మర్నాడు జున్ను వండి వాడకట్టంతా పంచింది. రోజులు గడుస్తున్నా ఎవరూ రాలేదు. అవ్వ మాట మాత్రం మారుతూ వచ్చింది. మొదట 'పాపం, ఎవరి బర్రెనో' అన్నది, తర్వాత ఉత్త 'బర్రె' అన్నది, ఆ తర్వాత 'మన బర్రె' దాకా వచ్చేసింది. చాలా కాలం తర్వాత ఆమె కొట్టంలో కూర్చుని పాడుకుంటుంటే వినడం నాకూ బాగుంది.

ఒకనాడు నా పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది. "బర్రె వాళ్ళదే, ఒప్పుకుంట. మన కొట్టంల పుట్టిన దూడ ఎవరిదే?"

ఇంత మంచి ప్రశ్న నాకు అంతవరకూ రాలేదు. మా దగ్గర పుట్టింది ఎవరికి చెందుతుందని ఫోనును అడిగితే పెద్ద వ్యాసమే వచ్చింది. ఏ నేల మీద పుడితే ఆ నేలకే చెందుతారట. అందులో బర్రెల మాట ఎక్కడా లేదు గానీ, అది చిన్న లోపంగానే తోచింది నాకు. (అది విదేశాల్లో పుట్టిన పిల్లల పౌరసత్వం గురించి రాసిందని తర్వాత తెలిసింది.) తీర్పు వినిపించగానే అవ్వ లేచి వెళ్ళి దూడ మెడకు గంట కట్టింది.

ఆ మర్నాడే బర్రె యజమాని వచ్చాడు. కాలువ అవతలి క్యాంపులో ఉంటాడు, ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి వరి పండిస్తూ స్థిరపడ్డ కుటుంబం. ఊరూరా తిరిగి వెతికి అలసిపోయి, ఆ కోపమంతా మొహం నిండా పెట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు.

"మా గేదె మీ ఇంట్లో ఉందంటగా."

"గేదె లేదు తమ్మీ, బర్రె ఉన్నది," అన్నది అవ్వ. అలా అంటూనే, ఇంటికొచ్చిన మనిషికి ఏదో ఒకటి పెట్టాలి కదా అని గిన్నెలో జున్ను తెచ్చిచ్చింది. ఆయన సగం తిన్నాక, ఇది ఎవరి పాలతో చేసిందో తట్టి ఆగిపోయాడు. తర్వాత మిగతాది కూడా తినేశాడు.

బర్రెను విప్పుతూ దూడ వైపు చెయ్యి చాచగానే నేను అడ్డం నిలబడ్డాను. చున్నీ నడుముకు బిగించి, ఫోను చూపిస్తూ, ఇక్కడ పుట్టిన దూడ ఇక్కడిదేనని వాదించాను. దొంగతనం కేసు పెడతానని ఆయనా అన్నాడు. నేను తగ్గకుండా మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆయన ఈసారి ఓపిగ్గా విని, తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"అమ్మాయ్, నేనూ ఈ కాలువ గట్టునే పుట్టాను. అరవై ఏళ్ళొచ్చినా నన్నింకా ఆంధ్రాయన అనే అంటారు. నీ దూడకి వారంలోపే ఊరెలా వచ్చేసిందమ్మా?"

నేను ఫోనులో వ్యాసాన్ని ఇంకోసారి పైకీ కిందికీ జరిపి చూశాను. అవ్వ ముందుగా నవ్వింది, ఆ తర్వాత ఆయనా నవ్వాడు. కోర్టు దగ్గర ఒక గదిలో ఉచితంగా సలహా చెబుతారట, అక్కడే అడుగుదాం పదండి అన్నాడాయన. ముగ్గురం ఒకే ఆటోలో వెళ్ళాం.

ఆ గదిలో కూర్చున్న వకీలు నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. అంతా విన్నాక ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఇలాంటి ఆవూ దూడల సంగతే చట్టంలో ఉదాహరణగా రాసి ఉందట. ఒకరి ఆవు ఇంకొకరి సంరక్షణలో ఉండగా ఈనితే ఆవుతో పాటు దూడనూ తిరిగి ఇవ్వాలి, దొరికినదాన్ని కాపాడినవాళ్ళకూ అదే వర్తిస్తుందని వివరించింది. అవ్వ మొహం చిన్నబోయింది. అది చూసి వకీలు, మేత ఖర్చు ఇచ్చేదాకా బర్రెను ఆపుకునే హక్కు మాత్రం మీకుందని చెప్పింది. పెద్దాయన వెంటనే జేబులో చెయ్యి పెట్టాడు.

అవ్వ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది తమ్మీ అది. బిడ్డ పురుడుకు పైసలు తీసుకుంటరా ఎవరన్న?"

తల్లిగారిల్లు అన్నాక మర్యాదలు జరగాల్సిందే. బర్రెను ఎక్కించుకుపోవడానికి ట్రాలీ ఆటో వచ్చేసరికి, ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పోసే ఒడిబియ్యం సిద్ధంగా ఉన్నాయి. బర్రెకు ఒడి ఎక్కడుంటుందన్న న్యాయపరమైన సందేహం నేను లేవదీశాను గానీ ఎవరూ పట్టించుకోలేదు. అవ్వ దాని నుదుట పసుపు కుంకుమ పెట్టి, కొమ్ములకు కొత్త రవికె గుడ్డ కట్టి, ఆ బియ్యాన్ని పెద్దాయన కండువాలో పోసింది. ఆయన వద్దనలేకపోయాడు. దూడను ఒళ్ళో పెట్టుకుని ట్రాలీ వెనక కూర్చుని, "వస్తానక్కా" అన్నాడు. వీధి మలుపు దాకా గంట వినిపించింది. అవ్వ ఏడుస్తుందేమోనని భయపడ్డాను గానీ ఆమె కొంగు దులుపుకుని, పండక్కి వాళ్ళను పిలవాలి అన్నది.

పిలిచింది, వాళ్ళూ వచ్చారు. ఇప్పుడు నేను నిజామాబాదులో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఎవరేమడిగినా 'కనుక్కుని చెప్తానండి' అనే జాగ్రత్తపరురాలిని అయ్యాను. మొన్న ఇంటికి వెళ్తే పెద్దాయన వరండాలో అవ్వతో చాయ్ తాగుతున్నాడు. నన్ను చూడగానే, పొలం గట్టు మీది టేకుచెట్టు ఎవరికి చెందుతుందమ్మాయ్ అని అడిగాడు. నాకు తెలియదనీ, కోర్టు దగ్గరి గదికి వెళ్ళి అడగమనీ చెప్పాను.

"పొద్దున్నే అడిగొచ్చాను," అన్నాడు. "నువ్వేమంటావో విందామని."

ఇద్దరూ నా మొహంలోకి ఆశగా చూశారు. నాకు నవ్వొచ్చింది. అప్పటి ఆ వకీలమ్మయితే ఈపాటికి ఫోను తీసి జవాబు చెప్పేసి ఉండేది.