జహ్రాలో థాయ్ కొత్త సంవత్సరం: నీళ్లు చేతుల మీద పోయాలి

కువైట్‌లో థాయ్ వాళ్ల కొత్త సంవత్సరం చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి, ఎంత ఖర్చవుతుంది అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను మాత్రం వేడుక చూడటానికి వెళ్లలేదు, ఒక మనిషిని క్షమాపణ అడగటానికి వెళ్లాను. 2010 దాటిన రోజులవి. సబ్హాన్‌లో ఒక వర్క్‌షాపులో స్టోర్‌కీపర్‌గా ఉండేవాణ్ణి. అక్కడి పెద్ద వెల్డరు బున్‌మీ థాయ్‌లాండ్ మనిషి, వయసు అరవైకి దగ్గర. అందరం ఆయన్ని 'లుంగ్' అనేవాళ్లం. వాళ్ల భాషలో పెదనాన్న అని. రోజూ పది గంటల టీ వేళకి ఒక డబ్బాలో పుల్లటి మామిడి ముక్కలూ, ఉప్పూ కారం పంచదార కలిపిన పొడీ తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. కోనసీమలో పుట్టినవాడికి ఇంతకంటే ఏం కావాలి?

జనవరిలో ఒకరోజు స్టోర్లో గ్యాస్ రెగ్యులేటర్ కనిపించలేదు. ఆఖరిసారి తీసుకెళ్లింది ఆయనే. ముందూ వెనకా చూడకుండా పదిమందిలో నోరు పారేసుకున్నాను. మర్నాడు అది నా బీరువా వెనకే దొరికింది. వెళ్లి దొరికిందని చెప్పాను గానీ, తప్పయిందని చెప్పలేదు. ఆయన నవ్వి "మై పెన్ రై" అన్నాడు, ఏం ఫర్వాలేదని. నేనూ నమ్మేశాను. ఆ రోజు నుంచి మామిడి డబ్బా రావడం మానేసింది. ఎదురుపడితే అదే నవ్వు. ఆ నవ్వు చూసిన రోజు నాకు అన్నం సహించేది కాదు. ఏప్రిల్లో తెలిసింది, ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రద్దు చేయించుకుని పూర్తిగా ఇంటికి వెళ్లిపోతున్నాడని, శనివారమే విమానమని. ముందురోజు శుక్రవారం జహ్రాలో వాళ్ల పండగ. చిన్నవాళ్లు పెద్దల చేతుల మీద నీళ్లు పోసి, ఏడాదిలో చేసిన తప్పులు మన్నించమంటారట. పదకొండున్నరకల్లా ఆ తంతు అయిపోతుందట. నాకు ఉన్నది ఆ ఒక్క పూటే.

బ్నీద్ అల్ గార్‌లో నా గది నుంచి ఎనిమిదిన్నరకి బయల్దేరాను. ముందు మిర్గాబ్ బస్టాండుకి, అక్కడ మారి జహ్రాకి, ఒక్కో బస్సుకి పావు దీనారు. శుక్రవారం పొద్దున బస్సులు పల్చగా ఉంటాయని తెలిసీ ముందు బయల్దేరలేదు, నా బుద్ధి అలాంటిది. మిర్గాబ్‌లో ముప్పావుగంట నిలబడ్డాను. గాలి నిండా దుమ్ము. నీళ్ల సీసా కొనుక్కుని సగం తాగేశాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే గడియారం చూడాలనిపిస్తుంది. బస్సెక్కాక చెప్పాల్సిన మాట ఇంగ్లీషులో ఒకలా, అరబ్బీలో ఒకలా అనుకుని చూసుకున్నాను. రెండూ బాగోలేవు.

జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా పనిచేసే రెడ్డెప్పన్న, రాయచోటి ఆయన, బస్టాపు నుంచి థాయ్ వాళ్ల ఇంటికి దింపుతానని మాటిచ్చాడు. పదిన్నరకి దిగేసరికి కారూ ఉంది, ఆయనా ఉన్నాడు, వెనక సీట్లో యజమాని పిల్లలిద్దరూ ఉన్నారు.

"మా యజమానమ్మ, మామా, ఇప్పుడే చెప్పింది సామీ. ఈ పిలకాయల్ని వాళ్ల అవ్వ ఇంటికాడ దింపల్ల. రొంతసేపే."

"ఎంతసేపన్నా? పదకొండున్నరకి అయిపోద్దక్కడ. రేపాయన ఎల్లిపోతాడు."

"నువ్వు గడియారం చూస్తా ఉంటే కారేమన్నా ఎగురుతాదా? కూకో." పిల్లల్ని దింపి వెనక్కి తిప్పాక అసలు సంగతి అడిగాడు. చెప్పాను. "ఒక్క మాట కోసరం ఇంత దూరం వచ్చినావా? సబ్హాన్‌లోనే అనుంటే పోయుండేది గదా!"

నాకు ఒళ్లు మండింది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు కాబట్టే మండింది.

పదకొండూ ఇరవైకి దింపాడు. థాయ్ కార్మికులు కలిసి అద్దెకు తీసుకున్న పాత ఇల్లది. గుమ్మంలో చెప్పుల గుట్ట, పెరట్లో బుగ్గలకి తెల్ల పొడి పూసుకున్న జనం. ఒక మూల రోట్లో పచ్చి బొప్పాయి తురుము, మిరపకాయలు వేసి దంచుతున్నారు. భోజనానికి ఒక దీనారు డబ్బాలో వేస్తే చాలు. సెలూన్లో పనిచేసే నోయ్ అనే ఆవిడ గుమ్మం దగ్గరే మల్లెపూలు వేసిన నీళ్ల గిన్నె నా చేతిలో పెట్టి, "ఇవే ఆఖరి నీళ్లు, నువ్వే ఆఖరివాడివి, యల్లా!" అని తోసింది. పెద్దలు వరసగా కుర్చీల్లో ఉన్నారు. చివరి కుర్చీలో బున్‌మీ. నన్ను చూసి అదే నవ్వు నవ్వాడు.

బస్సులో అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి, నీళ్లు చేతుల మీద పోయాలన్నదీ ఎగిరిపోయింది. పెద్దవాళ్లని గౌరవించడమంటే మాకు తెలిసింది కాళ్లు కడగడం. గభాలున కింద కూర్చుని గిన్నెడు నీళ్లూ ఆయన పాదాల మీద పోసి కడగడం మొదలుపెట్టాను. ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. నోయ్ పరిగెత్తుకొచ్చింది. "చేతుల మీద! కాళ్లు కడిగేది కన్నపిల్లలు, తల్లికీ తండ్రికీ!"

తలెత్తి చూశాను. ఆయన ముఖంలో నవ్వు లేదు.

"అందరి ముందు అరిచావు," అన్నాడు, మా వర్క్‌షాపు ఇంగ్లీషులో. "ముప్ఫై ఏళ్ల నుంచి వెల్డింగ్ చేస్తున్నా. దొంగనన్నావు. పక్కకి పిలిచి అడగలేవా? మర్నాడు వచ్చి దొరికింది అన్నావు. అంతే అన్నావు!"

"తప్పయింది లుంగ్."

ఆయన ఆపలేదు. మూడు నెలలుగా దాచుకున్నదంతా ఇంగ్లీషు చాలక అరబ్బీలో, అదీ చాలక థాయ్‌లో తిట్టాడు. పదిమందిలోనే. నాకు సిగ్గేయలేదు. గుండెల మీంచి బరువు దిగిపోతుంటే ఏడుపొచ్చింది. తిట్టడం అయ్యాక రెండు చేతులూ చాచి, "నీళ్లేవి?" అన్నాడు.

గిన్నె ఖాళీ. సంచిలో సగం తాగిన సీసా ఉంది గానీ, అవి నా ఎంగిలి నీళ్లు. తటపటాయించాను. ఆయన చేతులు దించలేదు. ఆ నీళ్లే పోశాను. తడి చెయ్యి నా తల మీద పెట్టి ఏదో దీవించి, "లోపల మామిడి ఉంది. ఖలాస్, పోయి తిను," అన్నాడు.

శనివారం ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు పది గంటలకి నా చూపు బల్ల మీదికే పోయేది. కోపాన్ని నవ్వుతో కప్పి మర్యాదగా దూరం జరిగే మనుషులు ఉంటారని, వాళ్లు తిట్టారంటే మళ్లీ దగ్గరికి రానిచ్చినట్టేనని నాకు ఆ పెరట్లోనే తెలిసింది. రెడ్డెప్పన్న అన్నదే నిజం, ఆ మాట జనవరిలోనే అనాల్సింది. అప్పుడే అనుంటే ఇంకో మూడు నెలలు ఆయన పక్కన కూర్చుని మామిడి ముక్కలు తినేవాణ్ణి.

మీరు వెళ్తే పదిలోపే చేరుకోండి, తడిసిపోతారు గనక ఇంకో చొక్కా తీసుకెళ్లండి. నీళ్లు చేతుల మీదే, కొద్దికొద్దిగా పోయండి. గిన్నె ఒకేసారి వంచేయకండి. మీ ఎదుటి పెద్దాయన చేతులు చాచే వేళకి అందులో కాసిని మిగిలి ఉండాలి.