అయిదు కోళ్ళకి ఒక్క గంప

సుకెర్ని అయిదు నెలలుగా అయిదు కోళ్ళని కంటికి రెప్పలా కాచుకొచ్చింది. తెల్లది, ఎర్రది, నల్లది, పసుపుది, అన్ని రంగులూ కలిసింది ఒకటి. సరదాకి పెంచలేదు పాపం! కోడలు వితారికి రెండు కడుపులు పోయాయి, రెండూ ఆరో నెల దాటుతుండగానే. వాకిట్లో ఏదో ఆకలిగొన్నది తిరుగుతోందనీ, అమావాస్యనాడు అయిదు రంగుల కోళ్ళని బలిచ్చి దాని కడుపు నింపాలనీ పూజారి చెప్పాడు. కోళ్ళ ఒంటిమీద చిన్న గాయమున్నా పనికిరావన్నాడు. వితారికి ఇప్పుడు మూడో కడుపు. ఆరో నెల నడుస్తోంది.

అమావాస్య రెండు రోజుల్లో ఉందనగా సుకెర్నికి గుబులు పట్టుకుంది. పక్కింటివాళ్ళ బలికోడి కిందటేడు పెరట్లోని ఇంటిగుడి కప్పెక్కి కూర్చుంది. గుడికప్పెక్కిన కోడి మైలపడ్డట్టేనని పూజారి దాన్ని ముట్టుకోలేదు. తన కోళ్ళూ అలాగే ఎక్కుతాయేమోనని మధ్యాహ్నమే అన్నిటినీ పట్టేసింది. పట్టిందిగానీ పెట్టడానికి ఇంట్లో మిగిలింది ఒక్క గంప!

గంపలు లేక కాదు. వీధిగుమ్మం పక్కన అయిదున్నాయి, మొగుడు గెజిర్‌వి. ఒక్కోదానికింద ఒక్కో పందెం కోడి దర్జాగా కూర్చుని దారినపోయే జనాన్ని చూస్తుంటుంది. చూడకపోతే వాటికి తోచదట!

"ఏవయ్యా, రెండ్రోజులకి రెండు గంపలియ్యి," అంది.

"నా పుంజుల్ని ఎండలో నిలబెట్టమంటావా? బెంగెట్టుకుంటాయే!"

"పెళ్ళాం బెంగెట్టుకుంటే మాత్రం పట్టదు నీకు."

"కోళ్ళేగా, సర్దుకుంటాయిలే."

ఒక్క కోడి రెక్క విదిలించుకుంటే అటూ ఇటూ తగిలే గంప అది. అందులో అయిదింటిని కుక్కింది. పైన బండ పెట్టింది. ఛీ, ఏం బుద్ధి! ఆవిడా కోళ్ళు పెంచిన మనిషే, తెలియదనుకోవాలా? గుడికప్పు భయం ముందు అన్నీ మరిచిపోయింది.

తెల్లారి బండ తీసి చూసింది. తెల్లదాని తోక దగ్గర ఒక్క ఈక లేదు. పచ్చి మాంసం కనిపిస్తోంది. మిగతా నాలుగూ ముక్కులకి నెత్తురు పూసుకుని ఇంకా దాన్నే పొడుస్తున్నాయి. దాన్ని ఒళ్ళో వేసుకుని "అయ్యో నా తల్లీ, నేనే చేశానే!" అంటూ వీపు నిమిరింది.

సంతకి పరిగెత్తింది. ఊరూరా బలులే కదా, తెల్లకోళ్ళన్నీ నిన్ననే పోయాయన్నారు. పక్క ఊరి సంతలోనూ అదే మాట. కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చి తిన్నగా వీధిగుమ్మం దగ్గరికెళ్ళి మూడో గంప ఎత్తింది. కింద గెజిర్ ప్రాణంగా చూసుకునే తెల్లపుంజు.

"ముట్టుకోకే!" అంటూ పరిగెత్తుకొచ్చాడు గెజిర్.

"నీ మనవడికంటే ఎక్కువా ఇది? చెప్పు!"

గెజిర్ ఆవిడ చేతుల్లోంచి పుంజుని తీసుకున్నాడు. లాక్కోలేదు. దాని తొడమీద ఈకలు పక్కకి తీసి చూపించాడు. వేలెడంత కత్తిగాటు, కుట్లేసిన మచ్చ.

"పోయిన నెల పందెంలో తగిలింది. నువ్వు తిడతావని చెప్పలా," అన్నాడు.

సుకెర్ని గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. తిట్టడానికి ఓపిక లేదు. అతను ఒక్కో గంపా ఎత్తి తన పుంజుల్ని స్తంభాలకి కట్టేశాడు. మిగిలిన నాలుగు బలికోళ్ళని తెచ్చి ఒక్కోదాన్ని ఒక్కో గంపకింద పెట్టాడు. నిన్న అడిగినప్పుడు ఈ పని చేయడానికి ఏం మాయరోగమొచ్చిందో!

"ఏడవకే," అన్నాడు ఆవిడ మొహంలోకి చూడలేక. "మళ్ళీ అమావాస్య రాదా ఏంటి? నెలేగా. అప్పటికి తెల్లదాన్ని నేను వెతికి తెస్తాను."

లోపల వితారి నడుం పట్టుకుని, గోడ ఆసరాతో మెల్లగా గుమ్మం దాటుతోంది. సుకెర్ని అటు చూపించింది.

"నాకెందుకు చెప్తావు? వెళ్ళి ఆ కడుపులో ఉన్నదానికి చెప్పు, ఇంకో నెల ఆగమని."