నలభై రెండు సొంత అభిప్రాయాలు

గైడు పేరు చెబితే ప్రమీలారాణికి ఒళ్లు మండేది. అశ్వారావుపేట దాటాక అడవి అంచున ఉన్న ఒక జూనియర్ కాలేజీకి 2005లో ఆమె కాంట్రాక్టు తెలుగు లెక్చరర్‌గా వచ్చింది. మొదటి పరీక్షలోనే ‘ఈ కథపై మీ సొంత అభిప్రాయం రాయండి’ అని అడిగింది. నలభై రెండు మందీ గైడులో ఉన్నది ఉన్నట్టు ‘ఈ కథ చదువుతుంటే మా తాతగారు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి’ అని రాశారు. అందరికీ ఒకే తాత, ఒకే కన్నీరు! వాళ్లలో ఒకడి తాత నిక్షేపంలా బతికే ఉన్నాడు, కాలేజీ గేటు ముందే బఠానీలు అమ్ముతున్నాడు.

“సిగ్గుండాలె! మీ అభిప్రాయం గూడ ఎవడో అచ్చేసి ఇయ్యాల్నా?” అంటూ పేపర్లు బల్ల మీద విసిరికొట్టింది.

ఈ కోపం ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆమె తండ్రి మొండయ్య ఇల్లందులో బొగ్గు గని కార్మికుడు. షిఫ్టు దిగి వచ్చి పేపరు ముందేసుకుని, గని వార్త కనబడితే చాలు, పక్కన పెన్సిలుతో ‘అబద్ధం’ అని రాసేవాడు. తనకు తెలియని వార్త జోలికి మాత్రం పోయేవాడు కాదు. కూతురు పెన్సిలును గుర్తుపెట్టుకుంది, రెండో సంగతి మరిచిపోయింది.

మర్నాటి నుంచి క్లాసులో చీటీల పద్ధతి పెట్టింది. లైబ్రరీ నుంచి ఒక కథల పుస్తకం తెచ్చింది. కథ రెండుసార్లు చదవాలి, నమ్మబుద్ధి కాని వాక్యం కింద గీత గీయాలి, ఎందుకు నమ్మలేదో చీటీ మీద రాయాలి. పద్ధతి మంచిదే. కాకపోతే పిల్లలు పెన్సిలు తీసేలోపే తానే ఆ కథను చీల్చి చెండాడేది. “వీడు ఊరి మొహం చూసిండా? ఇదొక కథనా?” అనేది. పిల్లలేమైనా తక్కువ తిన్నారా? నెల తిరిగేసరికి చీటీల నిండా తిట్లే. ఆమె మురిసిపోయింది.

ప్రిన్సిపాల్ మురిసిపోలేదు. “పాసు పర్సంటేజీ పడిపోతే ఈ చీటీలు ఏం జేసుకోవాలె మేడం? ఫిబ్రవరిల ఖమ్మం నుంచి పెద్దసారు తనిఖీకొస్తడు. ఆయన సరేనంటేనే చీటీలు. లేకుంటే గైడు చెప్పుడే” అని తేల్చేశాడు.

ఆమె ధైర్యమంతా హేమ్లి మీదే. తండా నుంచి నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చే పిల్ల. ఆ పిల్ల చీటీ కత్తిలా ఉండేది. ప్రమీలారాణి దాన్ని స్టాఫ్ రూములో గట్టిగా చదివి, గైడు చెప్పే తోటి లెక్చరర్ల వంక ఓరగా చూసేది. సొంత కళ్లతో చదివే పిల్ల ఒక్కతయినా తయారైందని ఆమె నమ్మకం.

తనిఖీ రోజు పెద్దసారు ఆ పుస్తకమే తీశాడు. తునికాకు కోసే పిల్ల కథ వచ్చింది. ఏడాది మొత్తంలో ప్రమీలారాణి తిట్టని కథ అదొక్కటే. హేమ్లి లేచి నిలబడి, “అడవి కళ్లకు కట్టినట్టుంది సార్. ఒక్క మాట కూడా ఎక్కువ లేదు” అంది. ప్రమీలారాణి మొహం వెలిగిపోయింది.

“మీ ఇంట్ల ఆకు కోస్తరా బిడ్డా?” అడిగాడాయన.

“అవ్ సార్. మా అమ్మ, నేను పోతం.”

“ఎప్పుడు?”

“ఎండకాలం సార్.”

“మరి ఈ కథల దసరాకు కోసిందేంది?”

“తప్పే సార్. దసరాకు ఆకు ముదిరిపోతది, బీడీకి పనికిరాదు.”

“మీ మేడంకు చెప్పలే?”

“మేడం బాగుందన్నది గద సార్.”

పెద్దసారు బల్ల మీదున్న, ఆ కథకు రాసిన చీటీల కట్ట విప్పాడు. నలభై రెండు చీటీల్లోనూ అడవి కళ్లకు కట్టే ఉంది. ప్రతిదాని మీదా ఎర్ర సిరాతో ప్రమీలారాణి పెట్టిన టిక్కు ఉంది. “గైడు మాన్పించి నువ్వే గైడయినవమ్మా” అని ఆయన లేచాడు. సోమవారం నుంచి గైడే చెప్పాలని ప్రిన్సిపాల్ అక్కడికక్కడే చెప్పేశాడు.

సిగ్గుతో ఆమెకు చెవులు వేడెక్కాయి. అందరూ వెళ్లాక హేమ్లిని ఆపింది. “ఇన్ని రోజులు నా మాటలే నాకు అప్పజెప్పినవా?”

హేమ్లి బల్ల మీది కథల పుస్తకం వైపు చూసింది. “అన్నీ కాదు మేడం. కానీ... మీరు తిట్టిన కథలల్ల కొన్ని నాకు మంచిగనిపించినయి.”

“ఇదొక...” అని నోటిదాకా వచ్చింది ప్రమీలారాణికి. మింగేసింది. పుస్తకాన్ని, పెన్సిలును ఆ పిల్ల ముందుకు జరిపి, తాను పిల్లల బెంచీ మీద కూర్చుంది.

“ఏవేవి? చదివి వినిపియ్యి” అంది.